జోగమ్మ గడ్డం మీది మూడు చుక్కలు

చేతి దురదకు మందు కోసం ఈ రోజు ఖమ్మంలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే, నా పాత విద్యార్థిని జోగమ్మ కనిపించింది. ములకలపల్లి వైపు కోయగూడెం పిల్ల, ఇప్పుడు నర్సు. గడ్డం మీది మూడు చుక్కల పచ్చబొట్టును లేజర్‌తో తీయించుకోవడానికి వచ్చిందట. నాకు ఒళ్లు మండింది. మీ అమ్మ పొడిపించిన దానికి సిగ్గుపడతావా అంటూ అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టాను.

"సిగ్గు గాదు సార్. పేషెంట్లు నా పేరు అడుగుతలేరు, ఏ గూడెమని అడుగుతున్నరు. మీరు చెప్పి పోతరు. గడ్డం నాది గద."

ఒక్కసారితో పోదని, నెలన్నరకోసారి చాలాసార్లు రావాలని, రబ్బరు బ్యాండుతో కొట్టినట్టు చురుక్కుమంటుందని, బొబ్బలెక్కి చివరికి తెల్లమచ్చ మిగలవచ్చని డాక్టరు నా ముందే ఆమెకు చెప్పాడు. అన్నిటికీ తలూపి, ఆమె సంచిలోంచి పదో తరగతి సర్టిఫికెట్ తీసి నాకు చూపించింది.

"నొప్పికి భయం లేదు సార్. గవర్నమెంటు నర్సు పోస్టుకు అప్లికేషన్ పెట్టిన. గిది పోతే, సర్టిఫికెట్లు చూసేటోళ్లు నేను నేను కాదంటరా?"

అందులో ఉంది, గుర్తింపు చిహ్నం: గడ్డం మీద పచ్చబొట్టు. ఆ ఏడాది పదో తరగతి పిల్లల వివరాలు నింపి బోర్డుకు పంపింది నేనే. మిగతా పిల్లలకు ఓపిగ్గా పుట్టుమచ్చలు వెతికాను. ఈమెకు వెతకలేదు, ముఖం మీదే కనిపిస్తోంది కదా అనుకున్నాను.

ఆ సంగతి తేలేదాకా మొదటి సిట్టింగుకు రానని జోగమ్మ వెళ్లిపోయింది. ఏ గూడెమని అడిగే పేషెంట్లను తిడుతూ రాయబోయిన వ్యాసం ఆపేశాను. సర్టిఫికెట్‌లో ఆ గడి మార్పించాలంటే ఎవరికి అర్జీ పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. తప్పు నాదేనని మొదటి వాక్యంలోనే రాస్తాను.