చల్లారాక మాట్లాడమన్న మాస్టారు

శేషగిరి మాస్టారు మొన్న గురువారం ఉదయం కెనడాలో, మా కిచెనర్ ఊళ్లో కన్నుమూశారు. ఆఫీసులో ఉండగా మావారి ఫోన్‌తో ఆ దుర్వార్త తెలిసి నిర్ఘాంతపోయాను. నిజం చెప్పాలంటే కన్నీళ్లకంటే ముందు కోపం వచ్చింది. ఆయనతో తేల్చుకోవలసిన మాట ఒకటి మిగిలే ఉంది.

ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాక, శనివారాలు లైబ్రరీ గదిలో మన తెలుగువాళ్లను కూర్చోబెట్టుకుని, ఎవరి కోపతాపాలను వారు ఎరిగి మసలుకోవడం నేర్పేవారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆఫీసులో మాట పడి, ఇంటికొచ్చి అరిచేవాళ్లే. "నిప్పు ఎవరు వేశారో తర్వాత చూద్దాం. ముందు నీలో కట్టెలు ఎక్కడ పేర్చి ఉన్నాయో చూసుకో" అనేవారు. ఆ మాట విని నిలబడిన సంసారాలను నేను ఎరుగుదును.

ఒకసారి కాఫీ కౌంటర్ దగ్గర ఆయన ఇంగ్లీషు అర్థంకాక అక్కడి అమ్మాయి మూడుసార్లు మళ్లీ అడిగింది. మాస్టారి ముఖం కందగడ్డయింది. క్షణం ఆగి, నవ్వి, నాలుగోసారి నిదానంగా చెప్పారు. బయటికొచ్చాక, "వచ్చిన కొత్తల్లో మా ఫోర్‌మన్ నా యాక్సెంట్‌ని వెక్కిరించేవాడమ్మా. ఆ మంట వాడు పెట్టింది. ఈ పిల్లేం చేసింది పాపం" అన్నారు. ఆత్మనిగ్రహం ఆయనకు ఉపన్యాస విషయం కాదు, నిత్యానుష్ఠానం.

ఆ విశ్వాసంతోనే నాలోని కట్టెలను ఆయనకు చూపించాను. కూరలో ఉప్పు తగ్గితే మా నాన్నగారు కంచం గోడకేసి కొట్టేవారనీ, అందుకే నా వంటకు ఎవరు వంకపెట్టినా విరుచుకుపడతాననీ చెప్పాను. కట్టుకున్నవాడికి కూడా చెప్పని సంగతి అది.

తర్వాత ఒక శనివారం మావారు మొదటిసారి నాతో వచ్చి కూర్చున్నారు. ఆ రోజే మాస్టారు ఆ కథను అందరికీ ఉదాహరణగా చెప్పారు. ఉప్పు, కంచం, గోడ, ఏదీ వదల్లేదు. తిరిగొస్తూ డ్రైవింగ్‌లో మావారు మెల్లగా అడిగారు: "మీ నాన్నగారేనా?" నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి నిలదీశాను. "పేరు చెప్పలేదు కదమ్మా" అన్నారు. అంత తెలిసిన మనిషి నోట అంత తెలివితక్కువ మాట వస్తుందనుకోలేదు. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు.

"నమ్మకద్రోహం చేశాను తల్లీ. సమర్థించుకోను. వచ్చి మాట్లాడనా?"

"చల్లారాక నేనే మాట్లాడతానండీ. మీరు నేర్పినట్టే."

"మంచిది. నేను తొందరపెట్టను."

ఎనిమిది నెలలు ఆ మాట మీదే ఉన్నారు. నేనూ చల్లారలేదు.

అంత్యక్రియల దగ్గర ఆయన భార్య, మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ, నా చెయ్యి పట్టుకున్నారు. "క్యాన్సర్ అని ఆర్నెల్ల కిందటే తెలిసిందమ్మా. నీకు ఫోన్ చేస్తానంటే వద్దన్నారు. జాలిపడి వచ్చేస్తుంది, కోపం లోపలే ఉండిపోతుంది, దాన్ని చల్లారనీ అన్నారు."

మాస్టారూ, మొదటి ద్రోహాన్ని ఏదో ఒకనాటికి క్షమించేదాన్నేమో. ఈ రెండోదాన్ని ఎలా క్షమించను? కోపంతోనే వచ్చేదాన్ని. మీ మంచం పక్కన కూర్చునే పోట్లాడేదాన్ని. నన్ను అడగకుండా మీరే నిర్ణయించేశారు. మీ పాదాలకు నమస్కరిస్తున్నాను, మనసు మండుతూనే ఉంది. మీ లోటును పూడ్చేవారు లేరు. ఇంత కోపాన్ని దాచుకోకుండా చెప్పుకోవడానికి ఈ దేశంలో నాకు మీరొక్కరే ఉండేవారు.