వెనక గోడ మీది బల్ల

పోయిన నెలలో మేము చదువుకున్న విశ్వవిద్యాలయం వాళ్లు పాత విద్యార్థులను పిలిస్తే, మోకాళ్ల నొప్పుల సంగతి పక్కన పెట్టి వెళ్లాను. గణిత విభాగంలో ఒక కుర్ర లెక్చరరు గోడంత తెల్లబల్ల ముందు నిలబడి, రాసినదంతా వేలితో ఒక్కసారి తాకి చెరిపేసి, మళ్లీ తాకి ఉన్నది ఉన్నట్టు వెనక్కి తెప్పించి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం లేవలేదు. సుద్దముక్కలతో చదువుకున్న నా ఈడు వాళ్లకైతే ఎందుకో చెప్పుకోవచ్చు.

శ్రీకాకుళానికి కాస్త ఎడంగా ఉండే ఆ చోటుని అప్పట్లో విశ్వవిద్యాలయం అంటే బయటివాళ్లు నవ్వేవారు. రెండు రేకుల షెడ్లు, ఒక పెంకుటిల్లు, చుట్టూ జీడితోటలు, అంతే. గణిత విభాగమంటే ఆ పెంకుటింట్లో ఒక్కటే పొడుగాటి గది, మేము పదకొండు మందిమి, అందులో ఆడపిల్లలం ఇద్దరం. జీడి పూతకొచ్చిన రోజుల్లో కిటికీల్లోంచి ఒక మత్తు వాసన వచ్చి గదంతా పరుచుకునేది. మా లెక్కల మాస్టారు అనంతం గురించి చెబుతుంటే వింటున్నామో, కలగంటున్నామో మాకే తెలిసేది కాదు. ఇన్నేళ్లయినా అనంతం అనే మాట వింటే నాకు లెక్కలకన్నా ముందు జీడిపూతే గుర్తుకొస్తుంది.

మాది గజపతినగరం దగ్గర ఒక పల్లెటూరు. నాన్న గుళ్లో దండలు కట్టేవాడు, దసరా వచ్చిందంటే సాలూరు లారీల వాళ్లు కూడా ఆయన చేతి బంతిదండలే కావాలనేవారు. గుడి ముందు ముగ్గు పెట్టడం అమ్మదీ నాదీ. తెల్లవారగానే నిన్నటి ముగ్గును నీళ్లు కొట్టి కడిగేసి, ఆ తడి మీద కొత్తది వేయాలి. నిన్నటిది మిగిలిందంటే అమ్మ ఊరుకునేది కాదు. అలా పెరిగినదాన్ని కనుక పాత రాత ఎక్కడ కనిపించినా నా చెయ్యి ఊరుకోదు. ఇక చదువంటారా, అంతా బట్టీయే. నిరూపణలు స్తోత్రాల్లా అప్పజెప్పేదాన్ని, మార్కులు వచ్చేవి, అదే గణితమనుకునేదాన్ని.

మా గదికి వెనక గోడ మీద ఇంకో నల్లబల్ల ఉండేది. ముందు బల్ల పాఠానికి, వెనకది మాస్టారి సొంత పరిశోధనకు. ఆయన డాక్టరేటు కోసం కుస్తీ పడుతున్న సిద్ధాంతాన్ని ఒక్కో వరసగా దాని మీద రాసేవారు. ఎవరికి అనుమానం వచ్చినా, విద్యార్థి అయినా సరే, ఆ వరస పక్కన ప్రశ్నగుర్తు పెట్టవచ్చు. మూడు నెలలు ఎవరూ గుర్తు పెట్టకపోతేనే ఆ వరస ఆయన నోటుపుస్తకంలోకి ఎక్కేది. కాగితం మీదకు ఎక్కినదానితో మనిషి పోట్లాడడు అని ఆయన నమ్మకం. ఈ ఆచారం సీనియర్లందరికీ తెలుసు, మాకూ తెలుసనుకుని ఎవరూ చెప్పలేదు. ఎవరూ తుడవని పాత రాత కాబోలునని నేను రెండు నెలలుగా దాన్ని చూస్తూ లోలోపల గునుస్తూనే ఉన్నాను.

దసరా సెలవులకు ముందు రోజు. బస్సుల వాళ్లు బస్సులు కడుక్కుంటారు, మగ్గాల వాళ్లు మగ్గాలు కడుక్కుంటారు, మరి మన ఆయుధం బల్ల కదా అని, అందరికన్నా ముందే గదికి చేరి, తడిగుడ్డతో రెండు బల్లలూ అద్దాల్లా తుడిచి, మూలలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నాన్న పంపిన బంతిదండ వేలాడదీశాను. నాకు నేనే మురిసిపోయాను కూడా. మొదట చూసినవాడు అటెండరు మావ. చేతిలోని గంట అలాగే పట్టుకుని, "ఏటి సేసినావే తల్లీ" అన్నాడు. ఆ తరువాత మాస్టారు వచ్చారు.

నోటుపుస్తకంలోకి ఎక్కని పదకొండు వరసలు పోయాయి, సంక్రాంతి లోగా సిద్ధాంతం పంపకపోతే ఆయన గడువు దాటిపోతుంది. బొట్టు పెట్టిన బల్ల వంక చూసి, "తుడిసినావు కదా, నువ్వే రాసీ. సెలవులయ్యాక సూస్తాను" అని వెళ్లిపోయారు. చిన్నదాన్ని కదా, శిక్ష అనుకున్నాను. ఆ వరసలు తేలేకపోతే మళ్లీ ఈ గది గడప తొక్కకూడదని బస్సులో ఏడుస్తూ నిశ్చయించుకున్నాను.

రెండు నెలలు చూసిన రాత కనుక కళ్లు మూసుకుంటే దాని ఆకారం కనిపించేది. వరసల పొడుగులు, ఎక్కడ సుద్ద విరిగిందో కూడా. కానీ నాలుగో వరస దగ్గర ఆగిపోయేదాన్ని. ఓ ఉదయం ముగ్గు వేస్తూ కూడా అదే ఆలోచనలో పడి సగంలో చెయ్యి ఆపేస్తే, అమ్మ పక్కన కూర్చుని, "గీతలు గుర్తెట్టుకుంటే ఎక్కడో తప్పిపోతావే. సుక్కలు సూసుకో, గీత అదే వస్తాది" అంది. ఆవిడ ముగ్గు గురించే అంది పాపం. నేను మాత్రం ఆ ముగ్గు అలాగే వదిలేసి లోపలికి పరిగెత్తాను. మాస్టారికి ముందుగా ఏం తెలుసు, చివరికి ఏం కావాలి, ఆ రెండు చుక్కల మధ్య ఏ వరస తరువాత ఏది రాక తప్పదు? జీవితంలో మొదటిసారి ఒక నిరూపణను అప్పజెప్పకుండా కట్టుకుంటూ వెళ్లాను, ఆకలి కూడా తెలియలేదు. ఆరు వరసలు వచ్చాయి. ఏడోది రాలేదు. నా కంటికి గుర్తున్న ఏడో వరసలో, రెండు వైపులా ఉన్న ఒకే పదాన్ని కొట్టేశారు. అది సున్నా అయితే కొట్టేయడానికి లేదు, సున్నా కాదని పై ఆరింటిలో ఎక్కడా లేదు. దాన్ని సరే అనుకుంటే మాత్రం మిగతా నాలుగూ దాని వెనకే వచ్చేశాయి.

సెలవులయ్యాక పదకొండు వరసలూ రాసి, ఏడో వరస పక్కన ప్రశ్నగుర్తు పెట్టాను. మాస్టారు చూశారు. వచ్చి నా బెంచీ చివర కూర్చుని ఇంకా చూశారు. చివరికి, "పోన్లేమ్మా, కాగితం ఎక్కకముందే దొరికింది" అన్నారు. ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆ ఏడో వరస తెమలక గడువు దాటిపోయింది, డాక్టరేటు రాలేదు, ఆయనకన్నా చిన్నవాళ్లు ఆయన మీద అధికారులయ్యారు. నన్ను మాత్రం ఆ రోజు నుంచీ ముందు బెంచీలో కూర్చోబెట్టారు.

తరువాత నేనూ అదే విభాగంలో పాఠాలు చెప్పాను. ఆయన రిటైరైన రోజున కూడా ఆ ఏడో వరసా, పక్కన నా ప్రశ్నగుర్తూ అలాగే ఉన్నాయి. తుడిసీమంటారా అని అటెండరు మావ నన్నడిగితే వద్దన్నాను. పెంకుటిల్లు పడగొట్టేదాకా ఉన్నాయట. పడగొట్టిన రోజు నేను వెళ్లలేదు.

ఇప్పుడు విజయనగరంలో మా అపార్ట్‌మెంటు గుమ్మం ముందు మా కోడలు స్టిక్కరు ముగ్గు అంటించింది. చక్కగా ఉంటుంది, చెరగదు, రోజూ వంగనక్కర్లేదు, నా మోకాళ్లకూ అదే మేలు. అయినా తెల్లవారగానే ఒకసారి తలుపు తీసుకుని దాని ముందు నిలబడతాను. గీతలన్నీ ఉన్నాయి, చుక్కలు మాత్రం వేయలేదు.