మూడో పేజీలో మరాఠీ

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. రెండు వాక్యాలు. ఎవరైనా వెనక నుంచి నన్ను పేరు పెట్టి పిలిస్తే ముందు అదే గుర్తొస్తుంది, ఆ తర్వాతే తిరిగి చూస్తాను. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియను. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. జరిగింది జరిగిన వరసలో చెబుతాను. వరస తప్పితే నన్ను నేను వెనకేసుకొస్తానేమోనని భయం.

పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన ఏడాది కరీంనగర్‌లో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని కొన్ని బడుల నుంచి పదో తరగతి పరీక్ష రాయబోయే పిల్లల ఫారాలు మా దగ్గరికి వచ్చేవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫ్లాపీల్లో పై ఆఫీసుకు పంపాలి. పిల్లల హాల్ టికెట్లు వాటి నుంచే తయారవుతాయి. ముగ్గురు అమ్మాయిలు టైపు చేసేవారు. వాళ్లు టైపు చేసే ప్రోగ్రాం రాసింది నేను.

ఆ ప్రోగ్రాం అంటే నాకు గర్వం. బటన్లు, పెట్టెలు మౌస్‌తో లాగి తెర మీద పెట్టి, వాటి వెనక కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ అప్పుడే కొత్తగా వచ్చింది. ఒకే తెర మీద అన్ని గడులూ కుక్కకుండా నేను దాన్ని విజర్డ్‌లా చేశాను. అంటే మెట్టు తర్వాత మెట్టు. మొదటి పేజీలో బడి. రెండో పేజీలో పిల్లల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. మూడో పేజీలో మీడియం: తెలుగు, ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు, నాలుగు గుండ్రటి బటన్లు. నాలుగో పేజీలో పుట్టుమచ్చలు. కింద బ్యాక్, నెక్స్ట్. ఆఖర్న ఫినిష్. నిజానికి ఫినిష్‌కు ముందు అన్ని వివరాలూ ఒక్కసారి చూపించే పేజీ ఒకటి ఉండాలి. పని ఆలస్యమవుతోందని దాన్ని నేనే తీసేశాను.

ఆ అమ్మాయిల్లో షాహీన్ అందరికంటే జాగ్రత్త మనిషి. ఉర్దూ మీడియంలో చదివింది కాబట్టి మీడియం గడి దగ్గర ఎప్పుడూ ఒక క్షణం ఆగేది. ఒకరోజు పకపకా నవ్వుతూ నన్ను పిలిచింది.

"భయ్యా, గీ మరాఠోళ్లు జ్ఞానేశ్వర్‌ను ఇంగ్లీషుల డీతోని రాస్తరంట! నేను జీతోని కొట్టిన. జ్ఞానం యాడ మొదలైతదో తెల్వకనే నాకు గింత గూడ రాలే."

నేనూ నవ్వాను. ఆమె బ్యాక్ నొక్కి, రెండో పేజీకి పోయి, తండ్రి పేరు సరిచేసి, మళ్లీ నెక్స్ట్, నెక్స్ట్ నొక్కింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మూడో పేజీ కళ్ల ముందు నుంచే వెళ్లిపోయింది. చూశానా? చూడలేదనే అనుకుంటాను. ఈ ఒక్క విషయంలో నాకు నా మీద నమ్మకం లేదు.

ఫ్లాపీలు వెళ్లిపోయాక, పరీక్షలకు ఇంకా నెల రోజులుండగా, మరో పనికి అదే ప్రోగ్రాంను వాడుకుందామని తెరిచాను. అప్పుడు దొరికింది. మూడో పేజీ తెర మీదికి వచ్చినప్పుడల్లా మీడియంను తెలుగుకు మార్చే కోడ్ లైను ఒకటి నేను రాసి ఉన్నాను. మొదటిసారి వచ్చినప్పుడు అది సరే. కానీ వెనక్కి పోయి మళ్లీ వచ్చినా అది అదే పని చేస్తుంది. ఆపరేటర్ అంతకు ముందు నొక్కిన మరాఠీ, చప్పుడు లేకుండా తెలుగైపోతుంది. పేరు తప్పుపడితేనే వెనక్కి పోతారు. మన చేతులకు తప్పుపడేవి మరాఠీ పేర్లే. ఎవరి పేరు సరిచేశామో వాళ్ల మీడియమే పోయింది.

సరిచేయడానికి రెండు లైన్లు సరిపోయాయి. సరిచేశాను. ఆ తర్వాత మరాఠీ బడుల్లో చదువుతూ తెలుగు మీడియంగా నమోదైన పిల్లలెవరని కంప్యూటర్‌ను అడిగాను. తొమ్మిది పేర్లు. పక్కనే ఆపరేటర్ నంబర్లు. ముగ్గురివీ ఉన్నాయి. ఒకరి చెయ్యి జారడం కాదని చెప్పడానికి ఆ ఒక్క కాగితం చాలు.

ప్రింటు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. సార్‌కు చెప్పాలి. సార్ అంటే మా సెంటర్ యజమాని. రేపు చెబుదామనుకున్నాను. చెబితే ఉద్యోగం పోతుంది. అంతకంటే, నా ప్రోగ్రాం తప్పని అందరికీ తెలిసిపోతుంది. ఈ రెండింటిలో నన్ను ఆపింది ఏది? రెండోదే. హాల్ టికెట్ చూసి బడివాళ్లే పట్టుకుంటారులే అనుకున్నాను. అలా అనుకుంటూనే రోజుకు పదిసార్లు జేబు తడుముకునేవాణ్ని. నెల గడిచింది. పరీక్షలు మొదలయ్యాయి.

పరీక్షలు అయిపోయిన వారానికి ఒక మనిషి వచ్చాడు. ఇచ్చోడ అవతల పత్తి వేసుకునే రైతు. చేతిలో కూతురు వందన హాల్ టికెట్.

"నమస్తే సాబ్. నా పేరు జ్ఞానేశ్వర్. నా పోరి మరాఠీ బడిల సదివింది. దోస్తులందరు ఒక సెంటర్‌కు పోతే, దీన్నొక్కదాన్ని తెలుగు సెంటర్‌ల ఏసిండ్రు. హెడ్మాస్టర్‌ను అడిగితే ఆడికి పోతే మరాఠీ ప్రశ్నల కాయితమే ఇస్తరన్నడు. ఇయ్యలే. రోజు పోయి కూసున్నది. రానిది ఏం రాస్తది? ఇగ బడికి పోనంటుంది."

సార్ ఫారం వెతికించాడు. ఫారంలో మరాఠీ అని స్పష్టంగా ఉంది. పక్కన షాహీన్ సంతకం.

"గిదేంది షాహీన్? కండ్లు యాడ పెట్టి కొట్టినవ్?"

"సార్, నాకు మంచిగ యాదికున్నది. మరాఠీనే నొక్కిన. గీ పేరు జీతోని పడితే వెనక్కి పోయి డీ చేసిన, గంతే." నా వైపు తిరిగింది. "భయ్యా, నువ్వు గూడ ఆడనే ఉన్నవ్ గద. వెనక్కి పోతే అది మారుతదా? జర చెప్పు."

ముగ్గురూ నన్ను చూశారు. కాగితం నా జేబులోనే ఉంది.

"మారది," అన్నాను. "నువ్వు ఏది నొక్కితే అదే ఉంటది."

ఆమె నన్ను నమ్మింది. నేను చూస్తుండగానే ఆమె ముఖంలో తన మీద తనకే అనుమానం మొదలైంది. తన వేళ్ల వైపు చూసుకుంది. ఏడుపు రాబోతుంటే ఆ రైతే దగ్గరికి వచ్చి, "పోనీ బేటీ, చెయ్యి జారుతది, నువ్వేం జేస్తవ్," అన్నాడు. ఆయన మన్నించింది ఎవరిని? మన్నించాల్సిన వాణ్ని నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. సార్ మాత్రం "రేపటిసంది రాకు" అన్నాడు. ఆపరేటర్ పొరపాటని కాగితం రాసి రైతు చేతికిచ్చి పంపాడు. దానితో వందనకు ఏమైనా జరిగిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోలేదు. మిగతా ఎనిమిది మంది గురించి అడగడానికి ఎవరూ రాలేదు.

ఆ సాయంత్రం జాబితాను చింపేశాను. భయంతో కాదు, ప్రశాంతంగా, నాలుగు మడతలు పెట్టి చింపాను. ఇది చెప్పడమే అన్నింటికంటే కష్టంగా ఉంది.

ఇప్పుడు మంచిర్యాలలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. విజర్డ్ పాఠం వచ్చినప్పుడు, వెనక్కి పోయినా మనిషి నొక్కింది నొక్కినట్టే ఉండాలని బోర్డు మీద రాస్తాను. ఎందుకు సార్ అని ఒక్కరూ అడగరు. అడిగితే ఏం చెప్పాలో ప్రతి ఏడూ తయారుచేసుకుని పోతాను. అడగకపోతే హాయిగా ఉంటుంది. ఆ హాయి తలచుకుంటే సిగ్గేస్తుంది.

షాహీన్ కరీంనగర్‌లోనే ఉందని విన్నాను. మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోలేదట. వెళ్లి చెప్పాలని రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ దారిలోనే దిగిపోయాను. మూడోసారి దిగకుండా పోతానని మీకు మాట ఇవ్వలేను. నా మాట విలువెంతో మీకు ఇప్పటికే తెలుసు.

ఇది రాసే ముందు ఆ తొమ్మిది పేర్లు ఒక కాగితం మీద రాయబోయాను. ఏడు వచ్చాయి. ఎనిమిది, తొమ్మిది అంకెలు వేసి, ఎదురుగా ఖాళీ వదిలాను. రెండు రోజుల నుంచి ఆలోచిస్తున్నా అవి నిండలేదు.

షాహీన్ మరాఠీనే నొక్కింది. దాన్ని తెలుగు చేసింది నా కోడ్. నెల ముందే ఆ సంగతి నాకు తెలుసు. ఈ మూడు వాక్యాలు నా తల బయట ఉండడం ఇదే మొదటిసారి. చదివిన మీకు ఇప్పుడు ఆమె తప్పు లేదని తెలుసు. ఆమెకు ఇంకా తెలియదు.