సోడా మూత గుచ్చిన మేకు

రోడ్డు ప్రారంభించినవాళ్ల పేర్లు శిలాఫలకం మీద ఉంటాయి. కొబ్బరికాయ కొట్టినాయన పేరు, పక్కన నిలబడి నవ్వినాయన పేరు, ఆ రోజు రానే రాని ఆయన పేరు కూడా బంగారు రంగులో చెక్కిస్తారు. ఎండలో టేపు కొస పట్టుకుని నిలబడ్డ మనిషి పేరు ఎక్కడుంటుందండీ? ఎక్కడా ఉండదు. ఒళ్లు మండదా మరి? ఆ మనిషి పేరు ఏసురత్నం. మున్సిపల్ ఆఫీసులో, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో చైన్‌మన్.

పుట్టింది ఖాజాగూడలోనే. అప్పటికి అక్కడ ఉన్నవి చెరువు, బండలు, నాలుగు వీధులు. తండ్రి పంచాయతీ ట్యాంకు దగ్గర నీళ్లు వదిలేవాడు. ఆయన పోయాక అదే పంచాయతీలో ఏసురత్నానికి పని దొరికింది. పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది, అదీ పోయి కార్పొరేషన్ వచ్చింది. ఆఫీసు బోర్డు మూడుసార్లు మారినా ఆయన చేతిలోని టేపు మాత్రం మారలేదు. ఇప్పుడు ఆఫీసు బస్సులు బారులు తీరే ఈ రోడ్ల మీద, తారు పడకముందే ముళ్లపొదలు నరుక్కుంటూ కొలిచినవాడు ఆయనే.

చైన్‌మన్ పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. రోడ్డుకు నడిమి గుర్తుగా ఆరంగుళాల ఇనప మేకు కొట్టాలి. ఒట్టి మేకు కంటికి ఆనదు కాబట్టి దాన్ని ఒక సోడా సీసా మూతకు గుచ్చి కొట్టాలి. టేపు చివరి రింగు ఆ మేకుకు తగిలించి "పెట్టిన సార్!" అని అరవాలి. అటు కొసన ఇంజినీరు లెక్క చదువుకుంటాడు. మేకు నుంచి అటు ఎంతో ఇటూ అంతే. ఎవరి గోడ ఉంటుందో, ఎవరి వంటిల్లు పోతుందో తేల్చేది ఆ మేకే. తేలాక గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసేదీ ఏసురత్నమే. ఆయన రంగు డబ్బా పట్టుకుని సందులోకి వస్తే పిల్లలు "ఇండ్లు కూలగొట్టే తాతొచ్చిండు" అని లోపలికి ఉరికేవాళ్లు. పెద్దవాళ్లు శాపనార్థాలు పెట్టేవాళ్లు. గీత గీసిన ఆఫీసర్లేమో ఏసీ గదిలో ఉండేవాళ్లు, తిట్లన్నీ ఈయన తినేవాడు.

ఆయన జేబుల నిండా ఎప్పుడూ సోడా మూతలే. భార్య మార్తమ్మ బట్టలు ఉతికేటప్పుడు అవి గలగలా రాలేవి. "సోడాలు తాగెటోళ్లు ఎవరో, మూతలు ఏరుకునేటోడు మాత్రం నా మొగుడు" అని గొణిగేది. గొణుగుతూనే వాటిని కడిగి, ఆరబెట్టి, మళ్లీ చొక్కా జేబులో వేసేది. ఆమె ప్రైవేటు బళ్లో ఆయా. చిన్నపిల్లల ముక్కులు తుడిచీ తుడిచీ ఆమె కొంగు ఎప్పుడూ తడిగానే ఉండేది.

ముప్పై ఏళ్ల సర్వీసులో ఏసురత్నం మేకును ఒక వేలెడు కూడా పక్కకు కొట్టలేదు. కాళ్లు పట్టుకున్నవాళ్లున్నారు, మెడ పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. దేనికీ లొంగలేదు. ఒక్కసారి తప్ప.

అది పదకొండేళ్ల కింద. ఖాజాగూడ పాత రోడ్డును వెడల్పు చేయాలని సర్వే మొదలైంది. ఆ రోడ్డు ఒక పక్కన నాగమణి ఇల్లుంది. జమ్మలమడుగు దిక్కు నుంచి భర్తతో వచ్చి, నోటరీ కాగితం మీద ముప్పై గజాల ముక్క కొనుక్కుని, ముందు గదిలో టిఫిన్ సెంటర్ పెట్టుకుంది. సర్వే నాటికి ఆమె భర్త చనిపోయి మూడు వారాలు. మేకు ఎక్కడ కొట్టాలో ఇంజినీరు రంగనాథ్ సుద్దముక్కతో గుర్తుపెట్టి, ఫోనొస్తే జీపులో కూర్చున్నాడు. ఏసురత్నం వంగి కళ్లతోనే కొలిచాడు. ఆ గుర్తు మీద కొడితే నాగమణి ముందు గది పోతుంది. గదితో పాటు మేడను మోసే రెండు స్తంభాలు పోతాయి. అంటే ఇల్లే పోతుంది. పట్టా లేని జాగాకు పరిహారమూ రాదు. లోపల ఆమె పెనం మీద దోసె వేసి, తిప్పడం మరచిపోయి, గోడకేసి చూస్తూ నిలబడింది. పక్కన ఆరేళ్ల శ్రావణి "అమ్మా, మాడతాండాది" అంటోంది.

ఏసురత్నం తల తిప్పి అవతలి పక్క చూశాడు. బండలు, తుమ్మ పొదలు, క్రైస్తవుల శ్మశానం వెనక గోడ, ఆ గోడ లోపల ఖాళీ నేల. సుద్ద గుర్తును చెప్పుతో రుద్దేశాడు. నాలుగడుగులు అవతలికి జరిగి మేకు కొట్టాడు. పాత రోడ్డు వంకరది కాబట్టి కొలతలో తేడా ఎవరికీ కనబడలేదు. "పెట్టిన సార్!" అని ఎప్పటిలాగే అరిచాడు. నాగమణికి రెండు మెట్లు మాత్రమే పోతాయని తేలింది.

ఆ సాయంత్రం మార్తమ్మ ఒక్కదానికే చెప్పాడు.

"మంచి పనే చేసినవ్ గానీ, అటు దిక్కు ఏమున్నది?" అని అడిగింది.

"ఏం లేదే, బండలే" అన్నాడు.

సర్వే అయింది, ఫైలు అటకెక్కింది. నాగమణి తన ఇంటి దేవుడికి దండం పెట్టుకుని మళ్లీ పెనం ముందు నిలబడింది. ఏసురత్నం పొద్దున్నే ఆఫీసుకు పోతూ అక్కడ టీ తాగేవాడు. ఆమె అన్నా అని పిలిచేది, మార్తమ్మను వదినా అనేది. మేకు సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమన్నా బహుమతా? దొంగ కొలతాయె.

నాలుగేళ్ల కింద మార్తమ్మకు కామెర్లు ముదిరాయి. కూతురు జాస్మిన్ నర్సే, తను పనిచేసే దవాఖానలోనే చేర్పించి రాత్రింబవళ్లు కనిపెట్టుకుంది. దక్కలేదు. శ్మశానంలో ఎక్కడ చూసినా సమాధులే. మిగిలిన చోట గునపం దిగని బండ. తవ్వేవాళ్లు మూడు చోట్ల ప్రయత్నించి చేతులెత్తేశారు. చివరికి రోడ్డు వైపు గోడ పక్కన మెత్తటి మట్టి తగిలింది. "ఇక్కడైతే బాగుంటది, పోతా వస్తా కండ్లబడతది" అని ఏసురత్నమే అన్నాడు. ఆ గోడేమిటో, ఆ మట్టేమిటో ఆ పూట ఆయనకు తోచనే లేదు. ఊరందరి జాగాలూ గుండెలో రాసుకున్న మనిషి, సొంత పెళ్లాన్ని పండబెట్టేటప్పుడు టేపు సంగతే మరిచిపోయాడు. అంత దుఃఖంలో ఎవడికి గుర్తొస్తుంది చెప్పండి?

సమాధి గట్టు మీద తడి సిమెంటులో జాస్మిన్ సిలువ గీసింది. ఏసురత్నం జేబులోంచి సోడా మూతలు తీసి ఆ సిలువ చుట్టూ గుచ్చాడు. చివరిసారి మార్తమ్మ కడిగి ఆరబెట్టినవి అవే.

మొన్న వేసవిలో, ఏసురత్నం రిటైర్మెంటుకు నెల ఉందనగా, ఫైలు అటక దిగింది. రోడ్డు మీద ట్రాఫిక్ కదలడం లేదని పైనుంచి ఒత్తిడి. రంగనాథ్ ఎప్పుడో రిటైరై వెళ్లిపోయాడు. ఇప్పుడు హరిత అని కొత్త ఆఫీసరు వచ్చింది. ముప్పై ఏళ్లుండవు, మర్యాద తెలిసిన పిల్ల. కంప్యూటర్ మీద పాత ప్లాన్ తెరిచి ఏసురత్నాన్ని పిలిచింది.

"ఏసురత్నం గారూ, జర చూడండి. సెంటర్ పాయింట్ అసలు రోడ్డు మధ్యలో లేదండి. నాలుగడుగులు అవతలికి ఉంది. అప్పుడు మేకు కొట్టింది మీరేనట కదా?"

"నేనే మేడమ్."

"తర్వాతెప్పుడో తారు వేసినప్పుడు రోలర్ కింద పడి జరిగిందేమో? అలా జరుగుతుందట కదా. రేపు సైట్ మీద చూసి చెప్పండి. నోటిఫికేషన్ ఇంకా వెళ్లలేదు, ఇప్పుడైతే సవరించేయొచ్చు. మీరు అవునంటే చాలు, నేను రాసుకుంటాను."

ఆయన కళ్లు అప్పటికే తెర మీద ఉన్నాయి. మేకు నుంచి అవతలికి గీసిన గీత శ్మశానం గోడ దాటి లోపలికి పోయింది. మార్తమ్మ తర్వాత పోయినవాళ్లనూ పూడ్చిన ఆ గోడ పక్క వరస మొత్తం రోడ్డులో కలుస్తోంది. ఏసురత్నం కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

ఒక్క మాట. 'అవును మేడమ్, రోలర్ కింద జరిగింది.' అంతే. ఎవరూ తప్పు పట్టరు, పెన్షన్‌కు ఢోకా లేదు, మార్తమ్మ ఉన్నచోటే ఉంటుంది. గీత నాలుగడుగులు ఇటు జరుగుతుంది. జరిగి నాగమణి ముందు గదిలోకి పోతుంది.

ఆ సాయంత్రం నాగమణి హోటల్ ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె టీ తెచ్చిచ్చి, ఆయన మొహం చూసింది.

"ఏంది అన్నా, అట్ల పీక్కపోయినావు? తింటివా లేదా?"

"తిన్నా తీయ్."

"అబద్ధాలు! కూర్చో, రెండు దోసెలు పోస్తా. మా శ్రావణికి ఇంటర్లో మంచి మార్కులొచ్చినాయి, చెప్పినానా? నర్సింగ్‌లో చేరుతాదంట. మీ జాస్మిన్ మాదిరి అయితా అంటాది. ఈ పొయ్యి ఇంగో నాలుగేండ్లు మండితే చాలు అన్నా. ఆ పైన నాకేం ఫికర్ ల్యా."

లోపల శ్రావణి గిన్నెలు కడుగుతోంది. ఆ రెండు స్తంభాలకూ పసుపు రాసి ఉంది. ఏసురత్నం దోసె తుంచి, తినకుండానే ప్లేటు పక్కన పెట్టాడు. అక్కణ్నుంచి లేచి రోడ్డు దాటి శ్మశానంలోకి వెళ్లాడు. సమాధి పక్కన కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏం లేదని చెప్పిన గదనే నీకు" అన్నాడు. "బండలే అని చెప్పిన గద."

మర్నాడు పొద్దున పది గంటలకు హరిత మనుషులతో వచ్చింది. మూడు కాళ్ల మీద యంత్రం నిలబెట్టారు. ఏసురత్నం పాత సర్వేలో ఆనవాలుగా పెట్టుకున్న ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర్నుంచి కొలిచి, తారు మీద ఒకచోట సుత్తితో కొట్టి పెచ్చు లేపాడు. రెండు పొరల కింద మేకు బయటపడింది. తుప్పు పట్టిన సోడా మూత దాన్ని ఇంకా అంటుకునే ఉంది.

"జరిగిందాండి?" అంది హరిత.

కొట్టిన మేకు కొట్టినట్టే ఉంది. ఆయన రింగు తీసి దానికి తగిలించాడు.

"జరగలే మేడమ్. పెట్టిన. చదువుకోండ్రి."

హరిత ఒక్క క్షణం ఆయన్ని చూసి, రిజిస్టరు తెరిచింది. ఇటువైపు నాగమణి, రెండు మెట్లు, అని రాసుకుంది. తర్వాత అవతలికి తిరిగింది.

"అటువైపు ఏముందండి? శ్మశానం గోడ రాశాను. గోడ లోపల?"

ఏసురత్నం గోడకేసి తిరిగాడు.

"నా ఇంటిది ఉన్నది మేడమ్."

పెన్ను ఆగిపోయింది. హరిత దగ్గరికి వచ్చి, మనుషులకు వినబడకుండా, "మీరు నిన్ననే చెప్పాల్సింది. ఇంకోసారి చూద్దామా? మేకు సంగతి నేను చూసుకుంటాను, మీరు ఊరుకోండి చాలు" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వద్దు మేడమ్. కొలత కొలతనే. రాసుకోండ్రి. సమాధి ఒకటి, మార్తమ్మ అని రాయుండ్రి. ఆ వరసల ఇంకా ఆరున్నయి, ఆళ్ల పేర్లు గూడ చెప్త."

ఏడు పేర్లూ ఒక్కటొక్కటే చెప్పాడు. మిగతా ఆరుగురి ఇళ్లకూ తనే వెళ్లి చెబుతానన్నాడు. తన దొంగ కొలత తనకే కాదు, వాళ్లకూ తగిలిందని ఆయనకు తెలుసు. తర్వాత రంగు డబ్బా మూత తీసి, బ్రష్షు ముంచి, గోడ మీద ఎర్రగా గుర్తు వేశాడు. ముప్పై ఏళ్లలో ఎన్ని వందల గోడల మీద వేశాడో. ఆ తిట్టిన వాళ్లందరి మొహాలూ ఆ పూట గుర్తొచ్చాయి.

అప్పుడే నాగమణి చేతులు కొంగుకు తుడుచుకుంటూ రోడ్డు దాటి పరుగున వచ్చింది. తనకు మెట్లు మాత్రమే పోతాయని ఎవరో చెప్పినట్టున్నారు, మొహంలో ఇంకా ఆ సంతోషం ఉంది. గోడ మీద తడి రంగు చూసి నిలబడిపోయింది. గోడ మీంచి లోపలికి తొంగిచూసింది.

"ఇది వదినది గదా అన్నా! వదినది పోతాదా?"

ఏసురత్నం తల ఊపాడు.

ఆమె నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నీదేం చెయ్యి అన్నా! ఇన్నేండ్లు నీ చేతిలోనే ఉండాది గదా ఆ టేపు. ఒక నాలుగడుగులు మా దిక్కు జరిపుంటే నీ సొమ్మేం పోయింది? ఇంగో రెండు మెట్లు పోతాయి, పోనీ! వదిన కంటే ఎక్కువనా నాకు?"

ఏసురత్నం బ్రష్షును డబ్బా అంచుకు రాసి, రంగు కారకుండా మూత బిగించాడు.

"నా చేతిల ఏమున్నదమ్మా" అన్నాడు. "పో, పొయ్యి మీద దోసె మాడుతున్నట్టుంది."