నాలుగో తీగ కోసం కోరుట్ల మీదుగా సిరిసిల్లకు

మా ఇంట్లో నన్ను తప్పుగా అర్థం చేసుకోవడానికి ఎవరూ పెద్దగా కష్టపడరు. మస్కట్ నుంచి సెలవుకు వచ్చిన మా మేనమామను గిటారు తెమ్మన్నాను. ఆయన పెట్టెలో పట్టేది చూసుకుని టెనర్ ఉకులేలే తెచ్చాడు. గిటారుకు చెల్లెలిలా ఉంటుంది, నాలుగే తీగలు. మూడు నెలలు తిప్పలు పడి నేర్చుకున్నాను. నేను వాయిస్తే మా అన్నయ్య కొడుకు, ఎనిమిది నెలల వాడు, రెండు నిమిషాల్లో నిద్రపోతాడు. అంతే, నాది పిల్లల్ని పెంచే చెయ్యి అని ఇంట్లో తేలిపోయింది. "డిగ్రీ అయినంక మా బిడ్డకు నెమ్మది వచ్చింది, ఇంట్ల ఉన్నట్టే తెలుస్తలేదు" అని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. జగిత్యాల కూరగాయల మార్కెట్‌లో చిల్లర ఇచ్చేదాకా కూడా నిలబడలేని మనిషిని నేను. ఇంట్లో ఉన్నట్టు తెలియకపోవడానికి కారణం, నేను నిజంగానే ఇంట్లో ఉండకపోవడం.

ఎక్కడున్నానంటే, తహసీల్ కార్యాలయం ముందు దీక్షా శిబిరంలో. ప్రత్యేక తెలంగాణ కోసం ఇప్పుడు అన్నీ బంద్: బస్సులు, స్కూళ్లు, ఆఫీసులు. షామియానా కింద రోజుకొక వర్గం కూర్చుంటోంది, మైకులో పాటలు మోగుతున్నాయి. ఒకరోజు ధైర్యం చేసి నేనూ ఉకులేలేతో రెండు పాటలు పాడాను. దిగగానే శిబిరం నడిపే శంకర్ సారు, మాకు కాలేజీలో తెలుగు చెప్పినాయన, పక్కకు పిలిచారు.

"ఏమనుకోకు తల్లీ. గొంతు మంచిగనే ఉన్నది. గని నువ్వు వాయిస్తుంటే ముందు వరుసల ముగ్గురు కునికిపాట్లు పడ్డరు. బందోబస్తుకొచ్చిన కానిస్టేబులు సుత ఆవులించిండు. ఉద్యమం జర మేలుకొని ఉండాలె గద!"

ఎల్లుండి పదింటికి ఆడపిల్లల వంతు అనీ, అప్పటికి నా వాయిద్యం లేచి కూర్చోకపోతే మైకు డప్పులవాళ్లకు ఇచ్చేస్తాననీ చెప్పారు. డప్పు మీద నాకు కోపం లేదు. కానీ ఆ మైకు ముందు నిలబడిన పది నిమిషాలూ నేను నాలా ఉన్నాను. దాన్ని వదులుకోదలచుకోలేదు.

ఉకులేలే కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. మామూలుగా దీని నాలుగో తీగ, అంటే పట్టుకున్నప్పుడు మన గడ్డానికి దగ్గరగా ఉండేది, మోటుగా మోగదు. సన్నగా, మొదటి తీగకు చుట్టంలా మోగుతుంది. దాన్ని హై-జీ అంటారు, జీ అనేది ఆ స్వరం పేరు. ఉయ్యాల ఊపినట్టుండే ఆ తీయదనమంతా దానిదే. దాన్ని తీసేసి, అదే స్వరం ఒక స్థాయి కింద పలికే లావు తీగ వేస్తే అది లో-జీ. టెనర్‌కు ఒళ్లు పెద్దది కాబట్టి ఆ బరువు మోయగలదు. ఉకులేలే తీగలు మన దగ్గర దొరకవు, నైలాన్ గిటారు నాలుగో తీగ సరిగ్గా సరిపోతుంది. పైన వెండిరంగు చుట్టు, లోపల నైలాన్. లోపల ఉక్కు ఉన్నది మాత్రం పొరపాటున కూడా వేయకూడదు. దాని బిగువుకు తీగలు కట్టే చెక్క ఊడి చేతికొస్తుంది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు బయలుదేరాను. జగిత్యాలలో షట్టర్లన్నీ కిందికే ఉన్నాయి. బస్సులు లేవు కాబట్టి కోరుట్లకు జీపు నలభై రూపాయలు, అదీ వెనక డోరు దగ్గర ఒక కాలు బయట పెట్టి కూర్చోవడానికి. ఇరవై అయిదు కిలోమీటర్లకు గంటంబావు పట్టింది. కోరుట్లలో గల్ఫ్ నుంచి వచ్చే పాటగాళ్ల పుణ్యమా అని ఒక వాయిద్యాల దుకాణం ఉంది. సగం షట్టరు ఎత్తి ఉంటే వంగి లోపలికి దూరాను. దుకాణందారు టీ తాగుతూ నా ఉకులేలేను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది పెరగదా ఇంక?" అన్నాడు.

"ఇంతే అన్నా. దీనికి నైలాన్ గిటారు నాలుగో తీగ కావాలె."

ఆయన ఒక బిస్కట్ డబ్బా బోర్లించాడు. చుట్టలు చుట్టిన తీగలు బోలెడు. వెదికి వెదికి రెండు నాలుగో తీగలు తీశాడు, రెండూ వెండిరంగువే. కవర్లు ఎప్పుడో పోయాయి. ఒకటి నైలాన్‌ది, ఒకటి ఉక్కుది, ఏది ఏదో ఆయనకూ తెలియదు.

"రెండు తీస్కపో. ఒకటి కాకుంటే ఒకటైతది."

"మొదలు తప్పుది పెడితే వాయిద్యమే విరుగుతది అన్నా!"

"మరైతే సిరిసిల్ల పో. ఆడ సాంచలు నడిపేటోళ్లకు పోగు పట్టుకుంటె పేరు, ఊరు అన్నీ తెలుస్తయి" అన్నాడు నవ్వుతూ. వేళాకోళానికే అన్నాడు. కానీ కాలేజీలో మూడేళ్లు నా పక్కన కూర్చున్న సుజాతది సిరిసిల్లే, వాళ్ల బాపు యాదగిరి ఆ సాంచలే, అంటే మరమగ్గాలే, నడుపుతాడు. ఇంటికి ఎదురు దిశలో అరవై కిలోమీటర్లని తెలుసు. నిజం చెప్పాలంటే, అది కూడా నాకు నచ్చింది. రెండు తీగలూ కొని సంచిలో వేసుకున్నాను.

తొమ్మిదింటికి ఇంకో జీపు, కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా, నూరు రూపాయలు. డ్రైవరు రాజన్న బేరానికి ఒప్పుకోలేదు కానీ ముందు సీటు ఇచ్చాడు. రుద్రంగి దాటుతుండగా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. వంటా వార్పు! ఈ పద్ధతి తెలియని వాళ్లకు చెబుతున్నాను: రోడ్డు మీదే వండుతారు, రోడ్డు మీదే తింటారు, అన్నం ఉడికి బండిలోని ప్రతి ఒక్కరూ తినేదాకా బండి కదలదు. తినకుండా పోతామంటే ఉద్యమానికి వ్యతిరేకం కింద లెక్క.

"అక్కా, నాకు షుగరుంది" అన్నాడు రాజన్న తప్పించుకోవడానికి.

పెద్ద గిన్నె కలుపుతున్న మల్లవ్వ అనే ఆమె గంటె ఆపకుండానే, "షుగరున్నోళ్లకు తెలంగాణ వద్దానోయ్? పప్పుచారు ఎక్కువ పోస్త, కూసో" అంది. తర్వాత నా వైపు చూసి, "ఆ సంచిల ఏందే బిడ్డా? అన్నం ఉడికేదాక నువ్వన్న ఒక పాట పెట్టు."

నాలుగో తీగ ముందురోజే విప్పేశాను. మూడు తీగలతోనే వాయించాను. పొయ్యి ముందు ఎండలో ఎవరూ నిద్రపోలేదు, అదొక్కటే విజయం. మల్లవ్వ విని, తల ఊపి, తీర్పు చెప్పింది.

"కూత మంచిగున్నది. గని అడుగు లేదు. గిన్నెకు అడుగు మందం లేకుంటె అన్నం ఎట్ల నిలుస్తది? నీ దాంట్ల అంత పైపైకే ఉన్నది."

లో-జీ గురించి నేను ఇంతకుముందు రాసిన పేరా మొత్తం ఆమె గంటె చేత్తో పట్టుకుని రెండు ముక్కల్లో చెప్పేసింది. రాజన్న మూడుసార్లు పెట్టించుకుని తిన్నాడు. పన్నెండున్నరకు బండి కదిలింది.

రెండింటికి సిరిసిల్ల. సుజాత వాళ్ల వీధిలోకి మలుపు తిరగకముందే సాంచల చప్పుడు వినిపించింది. షెడ్డులో మాట వినపడదు. యాదగిరి బాపు మమ్మల్ని వాకిట్లోకి తీసుకొచ్చి, కోరుట్ల సంగతంతా విని, రెండు తీగలూ అందుకున్నాడు. కళ్లతో చూడనే లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. కొసలు చిటికెనవేలంత కత్తిరించి, గోటితో పైచుట్టు విప్పి, అగ్గిపుల్ల గీశాడు. మొదటిది ఎర్రగా కాలి అలాగే నిటారుగా నిలబడింది.

"ఇనుము" అని పక్కన పడేశాడు.

రెండోదాని లోపల సన్నని పోగులు కుచ్చులా విచ్చుకున్నాయి. మంట తగలగానే ముడుచుకుని చిన్న పూసలా గట్టిపడ్డాయి. ఆయన పొగను వాసన చూసి, ఆ పూసను వేళ్ల మధ్య దొర్లించాడు.

"నైలాన్. పాలిస్టర్ అయితే పొగ నల్లగొస్తుండె. నీకు కావాల్సింది గిదే." తర్వాత మర్యాదగా అడిగాడు. "ఏం చదివినవు బిడ్డా?"

"బీఎస్సీ. ఫిజిక్స్."

"మరి అయస్కాంతం పెట్టి చూడకపోయినవా? ఉక్కైతే అతుక్కుంటది గద. కోరుట్ల దుకాణంల స్పీకర్లు ఉండె గద, వాటి వెనక అయస్కాంతమే ఉంటది."

నేను నేల వైపు చూశాను. సుజాత చూడలేదు, పగలబడి నవ్వింది. "పరీక్షలల్ల దీని పేపరు చూసే రాసిన బాపూ! గందుకే నాకు మార్కులు తక్కువొచ్చినయ్!"

తీగ వేశాం. లావు గొంతు ఒక్కసారిగా వాకిట్లో పరుచుకుంది. నిమిషం తిరిగేసరికి స్వరం జారిపోయింది. మళ్లీ బిగించాను, మళ్లీ జారింది.

"కొత్త పోగు సాగుతది బిడ్డా. లాగుకుంట, బిగించుకుంట ఉండాలె. వారం సతాయిస్తది, తర్వాత కుదురుకుంటది. గని మాటిమాటికి తీసుడు, పెట్టుడు చేసినవనుకో, ఎన్నటికి కుదురుకోదు" అన్నాడాయన.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను. "పిల్లగాడు పండుకుంటలేడు, ఎప్పుడొస్తవే?"

"సాయంత్రం. అమ్మా, తీగ మార్చిన. ఇగ అట్ల మోగది."

"గంతేనా? పగటికి కొత్తది పెట్టుకో, రాత్రికి పాతది పెట్టు. గంత ఓపిక నీకు లేదానే?"

నా ఓపిక మీద మా అమ్మకు ఉన్న నమ్మకం నాకు ఇంతవరకు దేని మీదా కలగలేదు. యాదగిరి బాపు షెడ్డులోకి వెళ్లిపోయాడు.

వేములవాడ వరకు ఆటో, అక్కణ్నుంచి జగిత్యాలకు జీపు, మొత్తం నూటయాభై. దారి పొడుగునా తీగను వేలితో లాగుతూ, బిగిస్తూ కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన చాలాసేపు ఓర్చుకుని, "ఖరాబైందా తల్లీ?" అని జాలిగా అడిగాడు.

మర్నాడు పదింటికి మైకు ముందు నిలబడ్డాను. మొదటి పాటకే ముందు వరుస కాళ్లతో తాళం వేసింది. కానిస్టేబులు ఆవులించలేదు, టోపీ సర్దుకున్నాడు. పాట మధ్యలో తీగ మూడుసార్లు జారింది, మూడుసార్లు ఆగి బిగించాను. బిగించేటప్పుడు వచ్చే ఆ టంగుటంగు కూడా పాటలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు. దిగాక శంకర్ సారు అన్నారు: "సోమవారం సంది మా జీపు ఊర్లు తిరుగుతది. పదిహేను దినాలు. ఒక సీటున్నది తల్లీ, ఇంట్ల అడిగి చెప్పు."

మంచి తీగ అంటూ విడిగా ఉండదని ఈ ప్రయాణంలో తెలిసింది. హై-జీలో ఏ లోపమూ లేదు, చాలామందికి అదే సరైనది. ఏ పాటకు, ఎవరి ముందు వాయిస్తామో తేల్చుకున్నాకే తీగ సంగతి తేలుతుంది. అది తేల్చుకోకుండా రెండూ కావాలంటే రెండూ జారుతూనే ఉంటాయి. మీరు ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క సలహా: జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి, అతుక్కున్న తీగ కొనకండి. దాదాపు వంద కిలోమీటర్లు మిగులుతాయి.

సోమవారం జీపెక్కుతున్నాను. ఇంట్లో అడగలేదు, చెప్పాను.