బాబాకూ మామాకూ నడుమ

మా బాబా పోయిండు. పోయిన సోమవారం పొద్దుగాల, బహ్రెయిన్‌ల, బుసైతీన్ అనే ఊర్ల సొంత ఇంట్ల, చాయ్ ముందల పెట్టుకొని కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. నేను బయట బండి తుడుస్తున్న. మామా కేక విని ఉరికిన, అప్పటికే ఖలాస్. పొద్దు గూకకముందే మట్టి చేసిండ్రు.

ఇండ్లల్ల పనిచేసేటోళ్లం ఇక్కడ యజమానిని బాబా అంటం, ఆయన భార్యను మామా అంటం. పేరుకు కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన సేటు, కని పంతొమ్మిదేండ్లు ఆయన బండి నడిపిన. జగిత్యాల దిక్కు మా ఊర్ల నా భార్యతోని గూడ అన్ని దినాలు లేను. ఫోన్ల చెప్తే ఆమె ఏడ్చింది. "దుబాయిల మనకున్న ఒక్క పెద్దమనిషి గూడ పాయె" అన్నది. బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఇది దుబాయే.

బాబా మీనా సల్మాన్ ఓడరేవుల పనిచేసి రిటైరైండు. ఆయనకున్న సోకు ఒక్కటే, క్యారవాన్. చక్రాల మీద ఇల్లు అనుకోండ్రి: రెండు మంచాలు, ఓ పొయ్యి, ఎదురెదురుగ రెండు బెంచీలు. చలికాలం రాంగనే దాన్ని బండికి తగిలిచ్చి సఖీర్ ఎడారికి తోలుకపోవాలె. అక్కడ రిటైరైన ముసలోళ్ల క్యారవాన్లు వరుసగ నిలబడి ఓ వాడ తయారైతది. వారం దినాలు అక్కడనే. "ఇంట్ల గోడలు ఎక్కువ, గాలి తక్కువ" అనేటోడు. ఆ గాలి కోసం జనరేటర్ మోసేది నేను, నీళ్ల ట్యాంకరుకు ఎదురువోయేది నేను, తెల్లారితే రొట్టెలకు లైన్ కట్టేది నేను. పక్క క్యారవాన్ ముసలామె చేపలు పంపితే గిన్నె ఖాళీగ తిరిగి పోవద్దు, దాంట్ల ఖర్జూరాలు పోసి ఇచ్చొచ్చేది గూడ నేనే.

గివన్ని ఓ లెక్క గాదు. అసలు మోత వేరే ఉండె. బాబా, మామా పదకొండేండ్ల సంది మాట్లాడుకోరు. మామా తల్లి పోయిన దినం బాబా డ్యూటీ ఇడిసి రాలేదు. గంతే. కొట్లాట లేదు, విడాకులు లేవు. ఆమె వండుతది, ఈయన తింటడు. మాట మాత్రం నాతోని పంపాలె. ఇంట్లనైతే పైన ఒకరు, కింద ఒకరు, మెట్లెక్కి చెప్తే అయిపోతది. క్యారవాన్‌ల మోకాళ్లకు మోకాళ్లు తాకంగ కూసొని, "ఆయనకు చెప్పు, చాయ్ చల్లారుతుంది" అంటది మామా. ఆయనకు వినపడుతది. అయినా కప్పు ముట్టడు. నేను వచ్చీరాని అరబ్బీల మళ్ల చెప్పాలె. అప్పుడు తీస్తడు. నవ్వకండ్రి, ఇద్దరు కలిసి నా పానం తీసిండ్రు.

మా నాయిన పోయినప్పుడు మాత్రం నేను అడగకముందే బాబా టికెట్ తెచ్చిండు. ఆయనే బండి నడిపి ఎయిర్‌పోర్టుల దించిండు. దారిపొంటి ఒక్కమాటనే అన్నడు: "పో. నేను పోలేదు, చూస్తున్నవు గదా." ఆ మాట నేను మామాకు చెప్పలేదు. చెప్పుమని ఆయన అనలేదు.

ఇద్దరు దూరం దూరం ఉంటే మాటలు కొంచెం సవరించేటోణ్ని. "ముసలోనికి చెవులు లేవా" అని ఆమె అంటే, "మామా పిలుస్తున్నది" అనేటోణ్ని. బాబాకు తెల్సు. ఒకసారి భుజం మీద చెయ్యేసి, "భాయ్, నువ్వు మంచి డ్రైవర్‌వి. గుంతలు తప్పిస్తవు" అన్నడు.

పోయిన చలికాలం, ఆ వారంల బుధవారం దుమ్ము లేచింది. వంటల ఇసుక, పక్కల ఇసుక. మామా గిన్నె కిందవెట్టి, "పోయి చెప్పు. నాకు చాతనైతలేదు. వచ్చే ఏడు నేను రాను" అన్నది. బాబా పక్కోళ్ల గుడారంల క్యారమ్ ఆడుతున్నడు. నా కండ్లల్ల గూడ ఇసుకనే, నడుము పీకుతుంది. ఈ మాట వింటే ఆయన మొఖం ఎట్లైతదో నాకు ఎరుకే. నోరు రాలె. "వచ్చే ఏడు పదిహేను దినాలు ఉందామంటున్నది మామా" అన్న.

బాబా స్ట్రైకర్ మీద వేలు పెట్టి అట్లనే ఉన్నడు. అవతలోడు యల్లా యల్లా, ఆడు ఆడు అంటున్నడు. ఆఖరుకు, "సరే అన్ననని చెప్పు" అన్నడు. ఆ సరేను తెచ్చి మామాకు చెప్పిన. ఆమె పొయ్యి దిక్కు తిరిగింది.

శుక్రవారం సామాన్ సర్దుకొని వచ్చినం. ఎండకాలంల బాబా క్యారవాన్‌కు కొత్త పరుపులు కుట్టిచ్చిండు. మామా మంచం దిక్కు దుమ్ము రావద్దని తలుపుకు రబ్బరు పట్టీ వేయించిండు. నాకు గుబులు. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంటనే ఆయన పాయె.

ఇప్పుడు మామా ఇద్దత్‌ల ఉన్నది. మొగడు పోయినామె నాలుగు నెలల పది దినాలు గడప దాటదు. వంటింటి కిటికీ అవతల నుంచే మాట్లాడుతది. నిన్న అడిగింది: "రానంటే సరే అన్నడు. రా అని ఒక్కసారి అనకపాయె. అంత బరువైన్నా నేను?"

వాకిట్ల ఉన్న క్యారవాన్‌కు ఒరిగి మొత్తం చెప్పిన. నేను మార్చింది, ఆయన ఆట ఆపింది, పరుపులు. ఎయిర్‌పోర్టు దారిల అన్న మాట గూడ చెప్పిన. పనిల నుంచి తీసేస్తదనుకున్న. తీసేసినా తప్పు లేదు.

"పదిహేను దినాలు అడిగిన్నా నేను?" అన్నది మామా.

"అవును మామా."

"ఆయన సరే అన్నడా?"

"అన్నడు."

కిటికీ తలుపు మూసింది. బండి కడిగే బకెట్ తీసుకొని పోతుంటె లోపట ఆమె గొంతు వినవడ్డది. నన్నే పిలుస్తున్నదని ఆగిన, అలవాటు గదా. నన్ను గాదు. ఆయన్ను పేరువెట్టి పిలుస్తున్నది. పిలిచి, నడుమ ఎవ్వలు లేకుంట, ఏదో చెప్తున్నది. ఆ మాట నేను మొయ్యాల్సింది గాదు. బకెట్ చప్పుడు గాకుండ పట్టుకొని వాకిలి దాటి వచ్చిన.