భయం తెలిసిన మనిషి మద్దిలేటి బావ

మా బావ మద్దిలేటి మరణవార్త పోయిన బుధవారం, కొత్తగా రాజధాని అయి కచేరీలన్నీ గుడారాల్లో నడుస్తున్న కర్నూలులో, బడి వదిలే వేళకు నాకు చేరింది. కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి "సారూ, బాయిలో..." అని ఆగిపోయాడు. తక్కిన మాట చెప్పనక్కర లేకపోయింది. అక్క పెళ్లయిన నాటి నుంచి ఇరవై ఏళ్లుగా మా ఇంటిల్లిపాదీ భయపడుతూ వచ్చిన వార్త అదే. చేతిలోని పుస్తకాలు అక్కడే వదిలి ఆ మనిషి వెంట అక్క ఊరికి బయలుదేరాను.

బావుల్లో బండ పగలగొట్టడం ఆయన వృత్తి. తవ్వకంలో రాయి అడ్డుపడితే రైతులు ఆయనకు కబురు పెట్టేవారు. బండకు రంధ్రాలు వేసి, మందు కూరి, ఒత్తులంటించి, పైకొచ్చి పేలుళ్లు లెక్కపెట్టేవాడు. పెట్టినన్ని పేలితేనే మనుషులను దిగనిచ్చేవాడు. లెక్క ఒకటి తగ్గిందా, మర్నాటిదాకా ఆ బావి ఛాయలకు ఎవరూ పోరాదు.

ఆ వృత్తి ఆయన స్వభావంలో అణువణువునా ఇంకిపోయింది. పొయ్యి మీది నీళ్లకడవ దించాలన్నా "పక్కకు పోండి" అని మూడుసార్లు కేకవేసేవాడు. ఏ ఇంటికి వెళ్లినా, బయటికి దారి చూసుకుని గాని కూర్చునేవాడు కాదు.

నా పెళ్లిలో టపాకాయల సరం సగం కాలి ఆగిపోయింది. మా పెదనాన్న కొడుకు వంగి మళ్లీ అంటించబోతే, బావ పరుగున వచ్చి అతని చొక్కా పట్టి వెనక్కి లాగాడు. పందిరంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "పేలిందాంతో బయం ల్యాదప్పా. పేలందాంతోనే" అన్నాడు.

సంసారంలోనూ అదే తీరు. అక్క కేకలు వేస్తే తల వంచుకుని వినేవాడు. ఆమె మౌనం వహిస్తే మాత్రం అన్నం ముట్టేవాడు కాదు. గడప మీద కూర్చుని "ఏందో ఒగటి అను మే, కేకలన్నా ఎయ్యి. ఇట్లుంటే నాకు శానా బయమైతాది" అని బతిమాలేవాడు.

అంతటి జాగరూకుడికి ఈ మరణం ఎలా సంభవించిందో ఆ బావి యజమాని సుంకన్న నాతో చెప్పాడు.

ఆ ఉదయం ఆరు రంధ్రాలకు మందు పెట్టారు. ఐదే పేలాయి. "రెండు ఒగేసారి పేలింటాయిలేప్పా. గొడ్లు దప్పికతో సస్తాండాయి" అన్నాడు సుంకన్న. "గొడ్లకు పక్కూరి నుంచి నీళ్లు తెప్పీ. నువ్వు మాత్రం దిగొద్దు" అని బావ కట్టడి చేశాడు. ఆయన ముఖం కడుక్కోవడానికి అటు తిరగ్గానే సుంకన్న మోకు పట్టుకుని దిగాడు. అడుగున రాళ్లు జారి కాలు ఇరుక్కుంది. ఆ రాళ్ల సందులోంచే సన్నని పొగ లేస్తోంది. ఒత్తి ఆరలేదు.

కేక విని వచ్చిన బావ అంచున నిలబడి ఆ పొగను చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడని మోకు లాగే కూలీలు అన్నారు. "వద్దప్పా" అని వాళ్లు పట్టుకుంటే విదిలించుకుని దిగాడు. రాయి తొలగించి, సుంకన్న నడుముకు మోకు కట్టాడు.

"నువ్వు కూడా పట్టుకోప్పా" అన్నాడట సుంకన్న.

"ఇద్దర్ని లాగల్యారు. నువ్వు పో. మా అమ్మితో..." అని, మాట మింగి, "లాగండి!" అని అరిచాడట.

సుంకన్న అంచు చేరాడు. మోకు మళ్లీ కిందికి సగం దిగేలోపల ఆ ఆరోది పేలింది.

అక్క ఇంతవరకు ఏడవలేదు. మాట్లాడలేదు. తనను 'అమ్మి' అంటూ ఆయన మింగేసిన ఆ చివరి మాట ఏమై ఉంటుందని ఆమె అడుగుతుందేమోనని నేను రోజూ భయపడుతున్నాను.

నిన్న అక్క ఇంటికి పక్క ఊరి నుంచి ఇద్దరు యువకులు వచ్చారు. అక్కడ ఇంకో బావి బండదాకా వచ్చి ఆగిందట. ఆ పని తాము చేపడతామని, బావ పనిముట్లు ఇమ్మని అడిగారు. "మాకేం బయం ల్యాదు సారూ" అన్నారు ధీమాగా. వాళ్లను ఆపి కూర్చోబెట్టగల మనిషి ఈ సీమలో ఒక్కడే ఉండేవాడు. భయమంటే ఏమిటో తెలిసీ దిగిన ఆ మహనీయుడికి కన్నీటితో నమస్కరిస్తున్నాను. పనిముట్లు ఇవ్వలేదు. వాళ్లు వేరేచోట కొనుక్కుంటారని నాకు తెలుసు.